వరండా మేకుకు గిటార్

మా ఓమా పెద్దమ్మ ఇంటి వరండాలో, తలుపుకి ఎడమ పక్కన, జానెడు పొడుగు మేకు ఒకటి ఉండేది. గనిలో దూలాలకు కొట్టే రకం. మా వెర్లిన్ అన్న ఎప్పుడు ఇంటికొచ్చినా గిటార్‌ని ఆ మేకుకు తగిలించి, టోపీ తీసి, ఆ తర్వాతే గుమ్మం దాటేవాడు. పెద్దమ్మ ఇంట్లోకి గిటార్ రాకూడదు. అతను ఇరవై నాలుగో ఏట ఊరు వదిలినప్పుడు మొదలైన ఆ కట్టుబాటు అతనికి అరవై మూడేళ్లు వచ్చేదాకా అలాగే నడిచింది. చలికాలం చెమ్మకి గిటార్ మెడ వంకర పోతుందని నేను మొత్తుకునేవాణ్ని. తల్లీ వినేది కాదు, కొడుకూ వినేవాడు కాదు. నాది స్టీల్ గిటార్, కాళ్ల మీద నిలబడే బల్లలాంటిది. అది ఎలాగూ మేకుకు తగలదు కాబట్టి వ్యాన్లోనే ఉండేది.

నా పేరు ఆర్లీ. పెద్దమ్మ చెల్లెలి కొడుకుని. వెర్లిన్ పక్కన కూర్చుని ముప్పై ఆరేళ్లు వాయించాను, అతని వ్యాన్ నడిపాను, గొంతు పోయిన రోజుల్లో అతని బదులు ఫోన్లో అబద్ధాలు చెప్పాను. అతని గురించి చెప్పడానికి నాకంటే తగినవాడు లేడు. ఉన్నా వాడు ఈపాటికి విసిగిపోయి ఉంటాడు.

ముందు ఆ మేకు సంగతి. పిజన్ ఫోర్క్ వాగు ఒడ్డున మావాళ్ల బాప్టిస్టు చర్చి ఉంది. అందులో ఏ వాయిద్యమూ మోగదు, మోగకూడదు. చర్చి పెద్ద ఒక లైను గబగబా అందిస్తాడు. జనమంతా దాన్ని అందుకుని ఒకే గొంతుగా, సాగదీసి, నింపాదిగా పాడతారు. మళ్లీ ఇంకో లైను. చేతుల్లో చిన్న పుస్తకాలుంటాయి గాని వాటిలో మాటలే తప్ప రాగాల గుర్తులేవీ ఉండవు. ఎత్తుకున్నవాడు ఏ రాగంలో ఎత్తుకుంటే అదే రాగం. పెదనాన్న గనిలో పోయిన చలికాలం, వాగు మీద గడ్డకట్టిన మంచు పగలగొట్టించి, పెద్దమ్మ ఆ నీళ్లలో బాప్తిస్మం తీసుకుంది. అంతకు ముందు ఆవిడ బాంజో వాయించేదట. ఆమె బాంజో పట్టుకుంటే ముసలాళ్లు కూడా కుర్చీల్లోంచి లేచేవాళ్లని మా అమ్మ చెప్పేది. ఆ బాప్తిస్మంతో బాంజో అటకెక్కింది. తను మానేసినదాన్ని కొడుకు చంకలో పెట్టుకుని వస్తే లోపలికి రానిస్తుందా.

పెదనాన్న పోయినప్పుడు వెర్లిన్‌కి తొమ్మిదేళ్లు. మా వైపు గని పనివాళ్లకి ఒక అలవాటుంది. క్యారేజీలో పెట్టిందంతా తినేయరు. కేకుముక్కో, బిస్కెట్టో పిల్లల కోసం మిగిల్చి తెస్తారు. అది ఇంట్లో చేసిందే అయినా భూమి లోపలికి వెళ్లొచ్చిన ముక్కకి వేరే రుచి ఉంటుందని పిల్లలకి నమ్మకం. సాయంత్రం షిఫ్టు వదిలే వేళకి అందరం రోడ్డు మీదికి పరిగెత్తి ఎవరి నాన్న క్యారేజీ వాళ్లం లాక్కునేవాళ్లం. ఆ రోజు గనిలో కప్పు కూలింది. పెదనాన్న రాలేదు. పక్కింటాయన క్యారేజీ తెచ్చి వెర్లిన్ చేతికిచ్చి, మొహం చూడకుండా వెళ్లిపోయాడు. మూత తీస్తే, ఎండు ఆపిల్ గుజ్జు పూసిన పొరల కేకు, పెద్దమ్మ పొద్దున పెట్టింది, సగం ముక్క ఉంది.

ఆ ముక్క మీద వెర్లిన్ ఇరవై ఏడో ఏట పాట కట్టాడు. దాని పేరు ‘నాన్న క్యారేజీ’. అతను కట్టిన రెండు వందల పైచిలుకు పాటల్లో మంచిది అదొక్కటే అని అతను అనేవాడు. నేను ఇంకో మూడు కలిపేవాణ్ని.

అప్పటికి నాష్‌విల్ వెళ్లి మూడేళ్లయింది. హోటల్లో గిన్నెలు కడుగుతూ, మధ్యాహ్నాలు అక్కడి పాటల కంపెనీల ఆఫీసుల చుట్టూ తిరుగుతూ, ఎట్టకేలకు ఒక చిన్న కంపెనీ చేత ఒక రికార్డు వేయించగలిగాడు. అప్పుడే నన్ను పిలిపించుకున్నాడు. ‘నాన్న క్యారేజీ’ని రికార్డు చేసిన పెద్దమనిషి మూడు చరణాలు చాలవన్నాడు. కోరస్ పెట్టాలన్నాడు, పదహారు వయొలిన్లు తెచ్చాడు. “నాన్నా, ఓ నాన్నా” అని మూడుసార్లు ఊగిపోయే కోరస్. పాడుతున్నప్పుడు వెర్లిన్ నా వైపు చూడలేదు. పాట రేడియోలో రెండు వారాలు మోగి ఆగిపోయింది.

ఆ రికార్డు ఒకటి నేనే పట్టుకెళ్లి పెద్దమ్మకిచ్చాను. ఆమె ఇంట్లో రికార్డు ప్లేయర్ లేదు, ఎప్పటికీ రాదు. అయినా కొడుకు ఫొటో ఉందని ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని అట్టని అటూ ఇటూ తిప్పింది. వెనక పాటల మాటలన్నీ చీమల్లాంటి అక్షరాలతో అచ్చువేసి ఉన్నాయి.

“చిక్కిపోయాడేంట్రా. అక్కడ తిండి పెట్టరా వీడికి?” అంది.

“ఫొటోలో అలా పడ్డాడు పెద్దమ్మా.”

“ఫొటో ఏం చేస్తుంది, ఉన్నదే చూపిస్తుంది” అని దాన్ని సొరుగులో పెట్టేసింది. అంతకుమించి ఆ రికార్డు ఊసు ఆమె నోట నేనెప్పుడూ వినలేదు.

ఆ తర్వాత మూడేళ్లకి వచ్చింది మా పాలిట శని, ‘సీటు వెనక్కి జరిపిందెవరే’ అనే పాట. ఒకరోజు పెట్రోలు బంకులో ఒకతను పెళ్లాం కారెక్కి, సీటు వెనక్కి జరిగి ఉందని ఆమెని నిలదీస్తుంటే విని, వెర్లిన్ ఇరవై నిమిషాల్లో దాన్ని రాసేశాడు. “నువ్వేమో ఐదడుగులే పిల్లా, పెడలైనా అందదే, మరి సీటు వెనక్కి జరిపిందెవరే” అని. నవ్వులాటకి రాసింది. అది దేశమంతా పాకింది. ఒక ఎండాకాలమంతా ఏ లారీ పక్కన ఆగినా అదే. అప్పుడు మాకు బస్సు కూడా ఉండేది. తర్వాత బస్సు పోయి వ్యాన్ వచ్చింది, ఆ వ్యాన్ పోయి ఇంకా చిన్న వ్యాన్ వచ్చింది, పాట మాత్రం పోలేదు.

పశువుల సంతలు, ట్రాక్టర్ల షాపు ప్రారంభాలు, అగ్నిమాపక దళం వాళ్ల చేపల విందులు. అన్నీ పట్టపగలు, ఎండలో, రేకుల కింద. మొదట్లో వెర్లిన్ తన పాటలు పది పాడి, చివర్న సీటు పాట పాడేవాడు. కొన్నేళ్లకి మధ్యలో పాడాల్సొచ్చింది, చివరిదాకా ఆగే ఓపిక జనానికి లేక. ఇంకొన్నేళ్లకి మొదట్లోనే ఒకసారి, చివర్న ఒకసారి. మధ్యలో ఎప్పుడైనా ‘నాన్న క్యారేజీ’ ఎత్తుకుంటే జనం లేచి మొక్కజొన్న పొత్తులు కొనుక్కోవడానికి వెళ్లేవాళ్లు. వాళ్లని తప్పుపట్టను. ఎండలో పిల్లాపాపలతో వచ్చినవాళ్లకి చచ్చిపోయిన నాన్న గురించి ఎవరు చెప్పమన్నారు. ఒక ఊళ్లో పాట అయ్యాక ఒకావిడ వచ్చి, “ఏవండీ, ఇంతకీ ఆ సీటు జరిపింది ఎవరు?” అని సీరియస్‌గా అడిగింది. “నేనేనండి” అన్నాడు వెర్లిన్. నవ్వకుండా అన్నాడు. అప్పటికి నవ్వడం మానేసి చాలాకాలమైంది.

అతనికి పేరు రాలేదని బాధ లేదు. వచ్చిందిగా, కావలసిన దాని మీద కాదు, అంతే. అతని మనసులో ఉన్న కోరిక ఒక్కటే, ఆ క్యారేజీ పాట అమ్మ వినాలి. ఒక్కసారి. ఆ క్యారేజీ తెచ్చిన సాయంత్రం ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే. ఆమె వింటే ఇక ఎవరు విన్నా వినకపోయినా ఒకటే అని, వ్యాన్లో వెళ్తున్నప్పుడు ఎన్నిసార్లన్నాడో.

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదిలో అడిగేశాడు. ఆగస్టు నెల. పెద్దమ్మ వరండాలో కూర్చుని, చలికాలానికి ఎండబెట్టడానికి చిక్కుడుకాయలు సూదితో దారానికి గుచ్చుతోంది. నేను మెట్టు మీద కూర్చుని పీచు తీసి ఇస్తున్నాను. వెర్లిన్ గిటార్ మేకుకుంది. అతను దాని పక్కన నిలబడి చాలాసేపు అటూ ఇటూ మాట్లాడి, చివరికి అన్నాడు.

“అమ్మా, నీకో పాట పాడతాను. ఇక్కడే, వరండాలోనే. లోపలికి రాను. నాన్న మీద కట్టింది.”

ఆమె సూది ఆపలేదు. “పాడు. అది లేకుండా పాడు, వింటాను” అని గడ్డంతో మేకు వైపు చూపించింది.

“గిటార్ లేకుండా ఎలా పాడతాను?”

“నోటితో.”

“అది నా పాటలో భాగం అమ్మా. అది తీసేస్తే నా పాట కాదు.”

“మీ నాన్న గొంతు అచ్చంగా నీకొచ్చింది. దానికి చెక్కముక్క ఆసరా ఎందుకురా?”

నేనైతే అక్కడితో పాడేసేవాణ్ని. కానీ వెర్లిన్‌కి ఆ ‘చెక్కముక్క’ అన్న మాట సూదికన్నా లోతుగా దిగింది. పదహారేళ్లుగా పొట్టపోసుకుంటున్నది ఆ చెక్కతోనే. “నేను చేసే పనంటే నీకు అసహ్యం. అది చెప్పు ముందు” అన్నాడు.

“అలా అన్నానా?”

“అనక్కర్లేదు. మేకు చెప్తూనే ఉంది.”

పెద్దమ్మ దారం ముడేసి పళ్లతో తెంపింది. “అయితే నీ పాట నీ దగ్గరే ఉంచుకో నాయనా” అంది. కోపంగా కాదు. అలసిపోయినట్టు అంది. అతను గిటార్ తీసుకుని వెళ్లి వ్యాన్లో కూర్చున్నాడు. ఇద్దరికీ ఒకటే మొండితనం, ఒకరికి మించి ఒకరు. నేను మధ్యలో చిక్కుడుకాయల గిన్నె పట్టుకుని వెధవలా కూర్చున్నాను.

ఆ తర్వాత రాకపోకలు ఆగలేదు. వచ్చేవాడు, గిటార్ తగిలించేవాడు, తినేవాడు, పైకప్పు రేకులు బిగించేవాడు. పాట మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. చర్చికి పూర్తిగా వెళ్లడం మానేశాడు. అక్కడ నెలకి ఒక శనివారం, ఆదివారం కూడుకుంటారు. ఆ రెండు రోజులే మాకు పని ఉండేది, కాబట్టి సాకు కూడా వెతుక్కోనక్కర్లేకపోయింది. నేనూ వెళ్లలేదు. అలా ఇరవై మూడేళ్లు గడిచిపోయాయి. చెప్పుకోవడానికి వాటిలో ఏమీ లేదు, రోడ్లు తప్ప.

రెండు వేల పన్నెండు ఏప్రిల్లో పెద్దమ్మ పోయింది. ఎనభై అయిదేళ్లు. పెరట్లో ఉల్లినారు నాటుతూ కూర్చుని, అలాగే ఒరిగిపోయింది. మేము టెన్నెసీలో ఒక సంతలో ఉన్నాం. కబురు వచ్చేసరికి వెర్లిన్ సీటు పాట రెండోసారి పాడుతున్నాడు. ఆ పాట ముగించే దిగాడు.

అంత్యక్రియల ముందురోజు మధ్యాహ్నం చర్చి పెద్ద బ్రదర్ ఫ్యూగేట్ దగ్గరికి వెళ్లాం. ఎనభై ఏళ్ల మనిషి, గనిలో నలభై ఏళ్లు బొగ్గుపొడి పీల్చినవాడు. రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటాడు. చర్చి ముందు బెంచీ మీద కూర్చున్నాడు.

“రేపు అమ్మకి ఒక పాట పాడతాను బ్రదర్” అన్నాడు వెర్లిన్. “గిటార్‌తో. ఒక్కటే పాట. ఇక జన్మలో మిమ్మల్ని ఏమీ అడగను.”

“పాడు నాయనా. గిటార్ వ్యాన్లో పెట్టి రా, ఎన్నయినా పాడు.”

“అది లేకుండా నేనెక్కడా నిలబడలేదండి. నలభై ఏళ్లయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలీదు నాకు.”

“జేబుల్లో పెట్టుకో” అన్నాడు ముసలాయన. తర్వాత కొంచెం మెత్తబడి, “మీ అమ్మ బాంజో వదిలేసి వచ్చింది ఇక్కడికి. ఆమె ముందు నువ్వు గిటార్ పెట్టుకుని నిలబడతావా? ఆలోచించు” అన్నాడు.

వెర్లిన్ ఆలోచించాడు. తిరిగొస్తుంటే దార్లో చెప్పాడు, “పాడను లేరా. నా వల్ల కాదు. గొంతులో ఏమీ మిగల్లేదు. ఇన్నాళ్లూ గిటారే మోసింది, నేను కాదు.” ముప్పై ఆరేళ్లలో అతను నాతో అంత నిజం ఎప్పుడూ మాట్లాడలేదు. నాకు ఏడుపొచ్చింది. రోడ్డు చూస్తున్నట్టు నటించాను.

మర్నాడు పది గంటలకి చర్చి నిండిపోయింది. శవపెట్టె ముందు ముగ్గురు పెద్దలు ఒకరి తర్వాత ఒకరు ప్రసంగించారు. వెర్లిన్ ముందు వరసలో కూర్చోనన్నాడు. ఆఖరి బెంచీలో, తలుపు పక్కన, చేతులు మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు. నేను పక్కన. బ్రదర్ ఫ్యూగేట్ లేచాడు.

“ఇప్పుడు సిస్టర్ ఓమా మనకిచ్చిన పాట పాడుకుందాం. ఇరవై ఏళ్ల పైమాటే మనం దీన్ని పాడుకోబట్టి. ఎవరు కట్టారమ్మా అని నేను రెండు మూడుసార్లు అడిగాను. ‘మా ఇంట్లోది’ అనేది. అంతకంటే చెప్పేది కాదు” అన్నాడు. ఊపిరి తీసుకుని, గబగబా మొదటి లైను అందించాడు.

“సాయంత్రం క్యారేజీ వచ్చింది, నాన్న రాలేదు.”

జనం అందుకున్నారు. పుస్తకాలు ఎవరూ తెరవలేదు. అందరికీ నోటికి వచ్చు. మా రాగం కాదు. వాళ్ల పాత రాగాల్లో ఒకటి, కొండ ఎక్కుతున్నట్టు నెమ్మదిగా, ప్రతి మాట మీదా నిలబడి ఊపిరి తీసుకునే రాగం. పెద్దమ్మకి మా రాగం ఎలా తెలుస్తుంది, ఆమె విన్నదెప్పుడు. ఆమె చూసింది అట్ట వెనక ఉన్న మాటలే. ఆమెకి పాట అంటే ఎప్పుడూ అంతేగా, కాగితం మీద మాటలు, పాడాల్సింది మనిషి.

వెర్లిన్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. నొప్పెట్టేలా పట్టుకున్నాడు.

“మూత తీసి చూశాను, సగం ముక్క ఉంది” అని అందించాడు ఫ్యూగేట్. రెండో చరణం వచ్చింది, మూడోది వచ్చింది. పదహారు వయొలిన్ల కోరస్ ఎక్కడా లేదు. పెద్దమ్మ దాన్ని మొత్తం కోసి పారేసింది. నాష్‌విల్లో ఎవరికీ లేని తెలివి అది. మూడో చరణంలో “తినలేదు, పారేయలేదు, ఎవరి కోసమో అలాగే ఉంది” దగ్గర వెర్లిన్ పెదాలు కదిలాయి. పాట అక్కడితో అయిపోవాలి. అతను రాసింది అంతవరకే.

ఫ్యూగేట్ ఆగలేదు.

“ఆ ముక్క నేనే దాచి ఉంచాను కొడుకా” అని అందించాడు.

వెర్లిన్‌కి ఆ లైను తెలియదు. తన పాటలో తనకి తెలియని చరణం. చర్చిలో అందరికీ తెలుసు, అతనికి తప్ప. అందించేది అలాంటివాళ్ల కోసమే కాబట్టి, అతను అందుకున్నాడు. మొదట గాలే వచ్చింది. తర్వాత గొంతు వచ్చింది. గిటార్ లేని ఆ గొంతు నేనెన్నడూ వినలేదు. గరుగ్గా ఉంది, వయసుతో చిరిగి ఉంది, పెదనాన్న గొంతు అవునో కాదో చెప్పడానికి నాకు ఆయన గొంతు గుర్తులేదు. ముందు వరసలో ఒక ముసలావిడ మాత్రం చటుక్కున వెనక్కి తిరిగి చూసింది.

“బల్ల మీద నీ వంతు అలాగే ఉంది.”

పాడుతూనే జనం లేచారు. చివరి చరణం దగ్గర ఒకరి దగ్గరికి ఒకరు నడిచి చేతులు కలపడం మా చర్చి పద్ధతి. వరసల మధ్య నుంచి నడుస్తూ ఆఖరి బెంచీ దాకా వచ్చారు. ఒక్కొక్కరూ వెర్లిన్ చెయ్యి పట్టుకుని, పాడుతూ, ఊపి, వదిలి, ముందుకు వెళ్లారు. ఒకరు వదిలేలోపు ఇంకొకరు పట్టుకున్నారు. కొందరు రెండు చేతులూ పట్టుకున్నారు. అతను నిలబడి, కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఖాళీ లేక, అలాగే పాడాడు.

“ఆలస్యమైతేనేం, తలుపు తీసే ఉంది. ఒట్టి చేతులతో రా, అంతే చాలు.”

మట్టి వేసి ఇంటికొచ్చేసరికి రెండయింది. వరండాలో వెర్లిన్ అలవాటుగా గిటార్ మేకుకు తగిలించాడు. వద్దనడానికి లోపల ఎవరూ లేరు. అయినా తగిలించాడు.

సొరుగు నేనే తీశాను. రికార్డు నేను ఇచ్చిన రోజు పెట్టినచోటే ఉంది. లోపలి ప్లేటు చుట్టూ ఉన్న కాగితం కూడా విప్పలేదు. అట్ట వెనక, కోరస్ మీద పెన్సిల్‌తో రెండు అడ్డగీతలు ఉన్నాయి. కింద ఖాళీలో ఆమె వంకర అక్షరాల్లో నాలుగు లైన్లు, చివర తారీఖు. ఎనభై తొమ్మిది, ఆగస్టు. చిక్కుడుకాయలు గుచ్చిన నెల.

వెర్లిన్ దాన్ని చాలాసేపు చేత్తో పట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. చుట్టాలు తెచ్చిపెట్టిన కేకు ఎదురుగా ఉంది. ముట్టలేదు.

“గిటార్ లేకుండా పాడమంది” అన్నాడు. “అంతే కదరా ఆర్లీ, అడిగింది.”

అవునన్నాను.